పరిశోధన ఆధారాలు: ఒక ప్రోగ్రాము నుంచి మరొకదానికి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో చరిత్ర పాఠాలు చెబుతూ, మిగిలిన వేళల్లో వంశధార, నాగావళి తీరాల దేవాలయ శాసనాల మీద పీహెచ్‌డీ పరిశోధన చేస్తున్నాను. మొన్నటి వేసవి సెలవుల్లో ఐదు వారాల పాటు ఒక్క శాసనం చదవలేదు, సిద్ధాంత గ్రంథంలో ఒక్క పేరా రాయలేదు. నా దగ్గరున్న పుస్తకాల, వ్యాసాల, శాసన సంపుటాల వివరాలను ఒక కంప్యూటర్ ప్రోగ్రాము నుంచి తీసి మరొక ప్రోగ్రాములో పెట్టుకోవడంతోనే ఆ సెలవులు గడిచిపోయాయి. ఇది పత్రికకు రాయదగిన సంగతేనా అని కొంత తటపటాయించిన మాట నిజమే. అయితే ఇదే ఇబ్బంది గురించి శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ పరిశోధక విద్యార్థులు నన్ను అడుగుతూ ఉండడం వల్లా, ఇందులో పత్రికలు చేయగలిగినది కూడా కొంత ఉందని తోచడం వల్లా ఈ ఉత్తరం రాస్తున్నాను.

పరిశోధనతో పరిచయం లేని పాఠకుల కోసం ముందుగా కొద్దిగా చెప్పాలి. సిద్ధాంత గ్రంథంలో చేసే ప్రతి ప్రతిపాదనకూ ఆధారం చూపాలి. అది ఏ పుస్తకం, ఎవరు రాశారు, ఎక్కడ ఏ సంవత్సరంలో అచ్చయింది, ఎన్నో పుట అన్న వివరాలు పాదసూచికలోనూ, చివర వచ్చే గ్రంథసూచిలోనూ ఒకే పద్ధతిలో ఉండాలి. విశ్వవిద్యాలయం ఒక పద్ధతి అడుగుతుంది, వ్యాసం పంపిన పత్రిక మరొకటి అడుగుతుంది. రిఫరెన్స్ మేనేజర్ అనే ప్రోగ్రాములో ఈ వివరాలను ఒక్కసారి ఎక్కించి పెట్టుకుంటే, వర్డ్‌లో రాసుకునేటప్పుడు కావలసిన చోట మీట నొక్కి ఆధారాన్ని చేర్చవచ్చు. గ్రంథసూచి దానంతట అదే తయారవుతుంది. పద్ధతి మార్చమంటే నిమిషంలో మొత్తం మారుతుంది. వెనకటి పరిశోధకులు అట్టముక్కల మీద రాసి, పెట్టెల్లో అక్షర క్రమంలో పెట్టుకున్నదానికి ఇది కంప్యూటర్ రూపం.

నేనూ అట్టముక్కలతోనే మొదలుపెట్టాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఉద్దానంలో కొబ్బరి చెట్లూ జీడి తోటలూ నేలకొరిగిన సంగతి, రోజుల తరబడి కరెంటు లేని సంగతి ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. పెంకులు లేచిపోయిన మా పుట్టింటి వెనకగదిలో, చెప్పుల పెట్టెల్లో దాచుకున్న నా కార్డులు తడిసి, సిరా కారి, ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నలభై ఏళ్ల తోటలు పోగొట్టుకున్నవాళ్ల మధ్య కూర్చుని కార్డుల కోసం దిగులు పడడానికి సిగ్గేసింది. చాప మీద ఆరబెట్టి, చదవడానికి వీలైనవాటిని నోటు పుస్తకంలోకి ఎక్కించుకున్నాను.

మరుసటి ఏడాది, ఒక సంస్థ తన పరిశోధకులందరి తరఫున చందా కట్టి ఇచ్చిన ఒక ప్రోగ్రాములో ఆ వివరాలన్నీ చేర్చడం మొదలుపెట్టాను. దాని పేరు ఇక్కడ అనవసరం. పని బాగానే చేసేది. చందా ఇక కొనసాగించడం లేదని ఆ సంస్థ నుంచి మెయిల్ వచ్చేనాటికి అందులో నావి 1,126 నమోదులు ఉన్నాయి. వాటిలో 312 తెలుగు పుస్తకాలు, వ్యాసాలు. నెల రోజుల గడువు ఇచ్చారు. సెమిస్టర్ పరీక్షల ఇన్విజిలేషన్లలో పడి మూడు వారాలు ఆ మెయిల్ సంగతి పట్టించుకోకపోవడం మాత్రం నా తప్పే. గడువు దాటాక పాత వివరాలు చూసుకోవచ్చు గానీ కొత్తది ఒక్కటీ చేర్చడానికి వీలుండదని తెలిశాక, ఏడేళ్ల శ్రమ నాది కాని ఇంట్లో ఉందన్న సంగతి మొదటిసారి తట్టింది.

ఏ ప్రోగ్రాముకు మారాలా అని వెతికినప్పుడు తెలుసుకున్న చరిత్ర, చరిత్ర చదువుకున్నదాన్ని గనక, నన్ను బాగా ఆకట్టుకుంది. ఎండ్‌నోట్ అనే ప్రోగ్రాము 1980ల చివరి నుంచీ ఉన్నది, ధర పెట్టి కొనుక్కోవలసినది, ఇప్పుడు క్లారివేట్ సంస్థ చేతిలో ఉంది. మెండలీని లండన్‌లో జర్మనీ పరిశోధక విద్యార్థులు మొదలుపెట్టారు. 2013లో దాన్ని ఎల్సెవియర్ అనే పెద్ద ప్రచురణ సంస్థ కొనుక్కుంది. ఆ తరువాత దాని పాత డెస్క్‌టాప్ రూపాన్ని 2022 సెప్టెంబరు నుంచి కొత్తగా దింపుకోవడానికి వీల్లేకుండా ఆపి, మరొక రూపాన్ని తెచ్చారు. జొటెరోను మాత్రం 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయపు చరిత్ర, నూతన మాధ్యమాల కేంద్రం విడుదల చేసింది. అంటే చరిత్రకారులు తమ అవసరం కోసం చేసుకున్నదన్నమాట. దానికి ధర లేదు, దాని మూలరచన (సోర్స్ కోడ్) ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు. జొటెరో తన కొత్త రూపంలో ఎండ్‌నోట్ వారి గ్రంథసూచి పద్ధతుల ఫైళ్లను చదవగలిగేలా చేసిందని, అప్పట్లో ఎండ్‌నోట్ యజమానిగా ఉన్న థామ్సన్ రాయిటర్స్ 2008లో వర్జీనియా కోర్టులో దావా వేసింది. 2009 జూన్‌లో ఆ దావాను కోర్టు కొట్టివేసింది. ఒక ప్రోగ్రాములోని సరుకు మరొక ప్రోగ్రాములోకి వెళ్లడం ఇంత పెద్ద తగాదా అవుతుందని అంతవరకూ నేను ఊహించలేదు. నేను జొటెరోనే ఎంచుకున్నాను. ఉచితం కావడం ఒక కారణమే గానీ, రేపు ఇంకొక ప్రోగ్రాముకు పోవలసి వస్తే సామాను తీసుకుపోవడానికి ఇందులో అడ్డు లేకపోవడం అంతకంటే పెద్ద కారణం.

తరలింపు విధానం చెప్పడానికి తేలిక. పాత ప్రోగ్రాములో ఎక్స్‌పోర్ట్ అన్న చోట నొక్కి ఆర్‌ఐఎస్ అనే రకం ఫైలు తీసుకోవాలి, కొత్తదానిలో ఇంపోర్ట్ అన్న చోట ఆ ఫైలును ఇవ్వాలి. ఆర్‌ఐఎస్ ఫైలు నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకునే మామూలు పాఠమే. ప్రతి వరస ముందూ రెండేసి అక్షరాల గుర్తు ఉంటుంది: ఏయూ అంటే రచయిత, పీవై అంటే అచ్చయిన సంవత్సరం, ఈఆర్ అంటే ఆ నమోదు అయిపోయిందని. నేను కూడా అంతే అనుకుని నొక్కాను. రెండు నిమిషాల్లో 1,126 నమోదులూ వచ్చేశాయని సంతోషించి, కాఫీ కలుపుకుని వచ్చి కిందికి జరుపుకుంటూ చూద్దును గదా, ఇంగ్లిషు పుస్తకాలన్నీ పొందికగా ఉన్నాయి, తెలుగు పుస్తకం ఉండవలసిన ప్రతి చోటా వరసగా ప్రశ్నార్థకాలు. రచయిత స్థానంలో ఏడు ప్రశ్నార్థకాలు, పుస్తకం పేరులో పద్దెనిమిది, ప్రచురణ స్థలంలో ఆరు. సంవత్సరం మాత్రం 1968 అని చక్కగా ఉంది. అలాంటివి 312.

కారణం తెలిశాక చాలా చిన్నది. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అక్షరాలను ఏ పద్ధతిలో రాయాలో అడిగే ఒక గడి ఉంటుంది. అందులో యూటీఎఫ్-8 అని ఎంచుకుంటే తెలుగు అక్షరాలు తెలుగుగానే వెళతాయి. ముందే ఉన్న పాత పద్ధతిని అలాగే వదిలేస్తే, ఆ పద్ధతిలో తెలుగుకు చోటే లేదు గనక ప్రతి అక్షరమూ ప్రశ్నార్థకమైపోతుంది, అలా పోయినది ఆ ఫైలులో నుంచి తిరిగి రాదు. పాత ప్రోగ్రాము గడువు ఇంకా రెండు రోజులు మిగిలి ఉండడం నా అదృష్టం. మారదలచుకున్న విద్యార్థులకు నేను మొదట చెప్పేది ఇదే: తెలుగు నమోదులు నాలుగైదు మాత్రమే ముందు ఎగుమతి చేసి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి కళ్లారా చూసుకున్నాకనే మిగిలినవాటి జోలికి వెళ్లాలి. ఆ ఫైలులో పీడీఎఫ్‌లు రావని, ఫోల్డర్ల అమరిక కూడా రాదని కూడా ముందే తెలుసుకుని ఉండాలి. అధ్యాయాల వారీగా నేను కట్టుకున్న ఇరవై రెండు ఫోల్డర్లు ఒకే కుప్పగా వచ్చి పడ్డాయి. ప్రతి నమోదుకూ ముందే ఒక గుర్తింపు మాట తగిలించి ఉంటే, ఆ మాటలు మాత్రం ఫైలుతో పాటు వచ్చేవి. వాటి ఆధారంగా ఫోల్డర్లు మళ్లీ కట్టుకోవడం ఒక పూట పని అయ్యేది.

ఇక పేర్ల సంగతి. దీనిమీద కొంత ఎక్కువ రాస్తే మన్నించాలి, ఎందుకంటే మన పరిశోధకులు అందరికంటే ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఈ ప్రోగ్రాములు పేరును రెండు ముక్కలుగా చూస్తాయి, కుటుంబనామం ఒకటి, సొంత పేరు ఒకటి. కామా పెట్టకుండా వరసగా రాసిన పేరులో చివరి మాటే కుటుంబనామం అనుకుని నా పాత ప్రోగ్రాము సర్దేసింది. దాంతో భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ కాస్తా గ్రంథసూచిలో ‘సంస్థ, భారత పురావస్తు సర్వేక్షణ’ అయింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘ప్రభుత్వం, ఆంధ్రప్రదేశ్’ అయింది. ఈ రెండింటినీ చూసి నవ్వుకున్నాను గానీ, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి గారి దగ్గరకు వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. మన నడగాం తామ్రశాసనాన్ని ఎపిగ్రాఫియా ఇండికా అనే శాసనాల ప్రచురణ నాలుగవ సంపుటంలో ప్రకటించినప్పుడు ఆయన జి.వి. రామమూర్తి. తెలుగు పుస్తకాల్లో గిడుగు వెంకట రామమూర్తి. మరికొన్ని చోట్ల రామమూర్తి పంతులు. ప్రోగ్రాము లెక్కలో వీరు ముగ్గురు మనుషులు. ఒకరు ఇంగ్లిషు ఆర్ అక్షరం కిందా, ఒకరు ‘ర’ కిందా, ఒకరు ‘ప’ కిందా తేలారు.

ఇంటిపేరును ముందు చెప్పి, సొంత పేరుతో పిలుచుకునే మన అలవాటుకు పాశ్చాత్యుల పద్ధతి అతకదు. వ్యాసంలో ‘గిడుగు’ అంటే ఎవరికైనా తెలుస్తుంది. ‘గురజాడ’ అన్నా తెలుస్తుంది. కానీ ఇంటిపేరు పొడి అక్షరంగానే తప్ప ఎవరికీ తెలియని రచయితలను ఇంటిపేరుతో సూచిస్తే పాఠకుడికి ఆనవాలే దొరకదు. జొటెరోలో రచయిత గడి పక్కన ఉన్న చిన్న గుర్తును నొక్కితే రెండు గడులు కలిసి ఒకే గడి అవుతుంది. అందులో పేరు ఎలా రాస్తే అలాగే అచ్చవుతుంది. సంస్థల పేర్లన్నిటినీ, తెలుగు రచయితల పేర్లను కూడా నేను ఆ ఒంటి గడిలోకి మార్చి, ఇంటిపేరుతో మొదలుపెట్టి పూర్తిగా రాసుకున్నాను. ఇది నా నిర్ణయం మాత్రమే. మరొక విద్యార్థి మరొక విధంగా చేస్తే తప్పు పట్టడానికి తెలుగు సిద్ధాంత గ్రంథాలకు మనవాళ్లంతా ఒప్పుకున్న నియమం ఏదీ నా కంట పడలేదు.

రెండేసి సార్లు నమోదైనవాటిని కలిపేసే సౌకర్యం ఈ ప్రోగ్రాములన్నిటిలోనూ ఉంటుంది, దానితో జాగ్రత్తగా ఉండాలి. విజయనగరంలో తెలుగు సాహిత్యం మీద పరిశోధన చేస్తున్న, నాకు చెల్లెలి వరసయ్యే అమ్మాయి ఒక రాత్రి ఫోను చేసి, ‘‘అక్కా, కన్యాశుల్కం రెండుసార్లు వచ్చిందని చూపిస్తోంది, కలిపేసేదా?’’ అని అడిగింది. ఒకటి 1897 నాటి తొలి కూర్పు, ఇంకొకటి 1909 నాటి మలి కూర్పు. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడాయే ఆ అమ్మాయి అధ్యాయానికి విషయం. తరలింపులో సంవత్సరం గడి ఖాళీగా వచ్చింది, పేరూ రచయితా ఒకటే, కాబట్టి యంత్రానికి అవి రెండూ ఒకటే. వద్దని చెప్పి, ఆ రాత్రే రెండింటికీ సంవత్సరమూ కూర్పూ రాయించాను. గురజాడ వారి ఊళ్లోనే ఉంటూ ఆ రెండు కూర్పులనూ మనచేత్తో ఒకటి చేసి ఉంటే ఏం సమాధానం చెప్పుకునేవాళ్లం?

మా విభాగానికి తేదీలతో మరొక చిక్కు ఉంది. నేను శాసనాలను కూడా ఒక్కొక్కటిగా నమోదు చేసుకుంటాను. నడగాం శాసనం శక సంవత్సరం 979 నాటిది, అంటే సామాన్య శకం (క్రీ.శ.) 1057-58. తేదీ గడిలో 979 అని వేస్తే ప్రోగ్రాము దాన్ని సామాన్య శకం 979గానే తీసుకుని, ఆ శాసనం వేయించిన రాజు వజ్రహస్తుడిని డెబ్బై ఎనిమిదేళ్లు వెనక్కి నెట్టి, కాలక్రమంలో వాళ్ల తాతల సరసన కూర్చోబెడుతుంది. అందువల్ల తేదీ గడిలో సామాన్య శకమూ, శీర్షికలో శక సంవత్సరమూ రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఊరి పేర్లూ అంతే. 1882 నాటి గంజాం మాన్యువల్ అనే జిల్లా వివరాల పుస్తకంలో శ్రీకాకుళం చికాకోల్. 1907 నాటి గెజిటీర్‌లో విశాఖపట్నం వైజాగపటం. 1936 వరకూ శ్రీకాకుళం గంజాం జిల్లాలోది, 1950 ఆగస్టు 15 నుంచి సొంత జిల్లా, విజయనగరం 1979 జూన్ 1న వేరే జిల్లా. వెతుకుడు గడిలో శ్రీకాకుళం అని కొడితే చికాకోల్ రాదు కదా. పాత పేరున్న ప్రతి నమోదుకూ ఇప్పటి పేరును గుర్తింపు మాటగా తగిలించడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అయితే ఆ పని చేస్తుండగానే, కార్డుల కాలంలో చూసి మరిచిపోయిన మూడు వ్యాసాలు దొరికాయని కూడా చెప్పాలి.

అన్నిటికంటే బాధ కలిగించిన భాగం వర్డ్ ఫైలు. ప్రోగ్రాము ద్వారా చేర్చిన ప్రతి ఆధారమూ పైకి మామూలు అక్షరాల్లాగే కనిపించినా, లోపల ఆ ప్రోగ్రాముకు మాత్రమే అర్థమయ్యే ఒక సంకేతం ఉంటుంది. దానిమీద క్లిక్ చేస్తే బూడిదరంగు నీడ కనిపిస్తుంది. పాత ప్రోగ్రాముతో చేర్చిన 430 చిల్లర ఆధారాలను కొత్త ప్రోగ్రాము గుర్తించలేదు. గ్రంథసూచి ఒక్కటిగా రావాలంటే ప్రతి చోటా పాతది తీసి కొత్తది పెట్టడం తప్ప దారి లేకపోయింది. రోజుకు ముప్పై చొప్పున రెండు వారాలు అదే పని. మూడు అధ్యాయాలు పూర్తి చేసి, కొత్త ఆధారాలతో ఉన్న వర్డ్ ఫైలును పేజీల అమరిక కోసం డీటీపీ సెంటరులో ఇచ్చాను. అక్కడి కుర్రాడు మంచివాడు, పనిమంతుడు. సాయంత్రం వెళ్లేసరికి పేజీలన్నీ అందంగా సర్ది చూపిస్తూ, ‘‘మేడమ్, ఆ బూడిదరంగు గళ్లు పేజీలో బాగోవని మొత్తం తీసేసినానండి. ఏటి, ఉంచాల్సిందా?’’ అన్నాడు. పుటలు కట్టే ప్రోగ్రాములోకి తీసుకెళ్లడం కోసం నా యూనికోడ్ తెలుగును పాత ఫాంటులోకి మార్చాడు. ఆ మార్పులో సంకేతాలన్నీ ఎగిరిపోయాయి. ‘‘పరవాలేదులే బాబూ, ఇంట్లో ఇంకో ప్రతి ఉంది’’ అన్నాను. నిజంగానే ఉంది గానీ, అది రెండు రోజుల కిందటిది.

అప్పటి నుంచి సంకేతాలతో ఉన్న ఫైలును ఎవరికీ ఇవ్వడం లేదు. సంకేతాలు తీసేసి మామూలు పాఠంగా మార్చిన నకలును మాత్రమే బయటికి పంపుతున్నాను. నన్ను అడిగే విద్యార్థులలో ఎవరికైనా సమర్పణ గడువు ఆరు నెలల లోపు ఉంటే మాత్రం, ఇప్పుడు ప్రోగ్రాము మారవద్దనే గట్టిగా చెబుతాను. ఉన్నదాంట్లోనే ముగించి, వివరాలను యూటీఎఫ్-8లో ఎగుమతి చేసి భద్రపరచుకుని, మార్పు తరువాతి పనికి పెట్టుకోవడం మేలు. మొదటి ఏడాదిలో ఉన్నవారు ఈ వారమే మారినా నష్టం లేదు.

జొటెరోకు కూడా హద్దులు ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకోవడానికి వారు ఉచితంగా ఇచ్చే చోటు 300 ఎంబీ మాత్రమే. స్కాన్ చేసిన పాత గెజిటీర్లు, శాసన సంపుటాలు నాలుగైదు పెడితే అది నిండిపోతుంది. కానీ పుస్తకాల వివరాలను మాత్రమే దాచుకోవడానికి పరిమితి లేదు, ధర లేదు. నేను వివరాలను మాత్రం ఆన్‌లైన్‌లో ఉంచి, పీడీఎఫ్‌లను ఇంటి కంప్యూటర్‌లోనూ ఒక హార్డ్‌డిస్క్‌లోనూ పెట్టుకుంటున్నాను. ఆ హార్డ్‌డిస్క్ మా పుట్టింటి వెనకగదిలో లేదని వేరే చెప్పనక్కరలేదు. ఇంకొక లోపం, తెలుగు ఆధారాలనూ ఇంగ్లిషు ఆధారాలనూ రెండు జాబితాలుగా విడదీసి ఇచ్చే ఏర్పాటు నాకు దొరకలేదు. చివరి ప్రతిలో చేత్తోనే విడదీయాలి. ఇంగ్లిషు వ్యాసానికి ఉండే డీఓఐ అనే గుర్తింపు సంఖ్య కొడితే వివరాలన్నీ వచ్చి పడతాయి. మన గ్రంథాలయాల్లోని పాత తెలుగు పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ అనే పుస్తకాల గుర్తింపు సంఖ్య కూడా ఉండదు. అట్టవెనక పుట చూసి ఒక్కొక్క అక్షరమూ మనమే కొట్టుకోవాలి. ఏ ప్రోగ్రాముకు మారినా తెలుగు పరిశోధకుడికి ఈ చాకిరీ తప్పదు.

విశ్వవిద్యాలయాలను నేను కోరేది చాలా తక్కువ. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రచనలతో పోలిక పది శాతం దాటితే, సవరించి మళ్లీ సమర్పించడం మొదలుకొని చర్యలు ఉంటాయి. సరిగ్గా ఆధారం చూపిన ఉల్లేఖనలనూ, గ్రంథసూచినీ ఆ లెక్కలో చేర్చరు. అంటే ఆధారాన్ని సరిగ్గా చూపడమే విద్యార్థికి రక్ష. యూజీసీ 2019లో తీసుకున్న నిర్ణయం ప్రకారం ప్రతి పీహెచ్‌డీ విద్యార్థీ పరిశోధన, ప్రచురణ నైతికత అనే 30 గంటల పాఠం చదవాలి. 2025 జనవరి నుంచి ఒకే దేశం ఒకే చందా పథకం కింద దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. చదవడానికి ఇంత వచ్చి పడుతున్నప్పుడు, చదివినదాన్ని పదిలపరచుకోవడం ఎలాగో ఆ 30 గంటల్లో రెండు గంటలు, తెలుగు నమోదులతోనే, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి నేర్పించమని మనవి. దానితో పాటు తెలుగు పేర్లు ఏ వరసలో రాయాలో, తెలుగు గ్రంథసూచి ఎలా ఉండాలో ఒక పుట నియమావళి ఇస్తే, ప్రతి విద్యార్థీ, ప్రతి పర్యవేక్షకుడూ కొత్తగా తగవు పెట్టుకోవలసిన పని ఉండదు.

మన శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించిన కథానిలయంలో ఏ కథ ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందో వెతికి నమోదు చేసిన పని చూసినవారికి, నేను పత్రికలను అడగబోయేది ఎందుకో వెంటనే అర్థమవుతుంది. మా నాన్నగారు శ్రీముఖలింగం గురించీ, శాలిహుండం బౌద్ధ స్తూపాల గురించీ వార్తలు వచ్చినప్పుడల్లా కత్తిరించి ఒక కవరులో పెట్టేవారు. అలాంటివి నా దగ్గర 47 ఉన్నాయి. కొత్త ప్రోగ్రాములో పత్రికా వార్త అని ఎంచుకుంటే పత్రిక పేరు, సంచిక, స్థలం, తేదీ, పుట అని గడులు వస్తాయి. వాటిలో 19 కత్తిరింపులకు నేను ఒక్క గడి కూడా నింపలేకపోయాను. ఒకదాని వెనకవైపు సగం తెగిన సినిమా ప్రకటన ఉంది. హాలు పేరూ, రోజుకు నాలుగు ఆటలన్న మాటా మిగిలాయి, సినిమా పేరు కత్తెర పాలైంది. మరొకదాని వెనక పదో తరగతి ఫలితాల నంబర్లున్నాయి. వాటిని పట్టుకుని సంవత్సరం ఊహించవచ్చు గానీ, ఊహను ఆధారంగా చూపలేను.

కాబట్టి సంపాదకులు గారికి నా మనవి ఇది. జిల్లా పేజీల్లో పుట సంఖ్య వేరేగా మొదలవుతుంది, శ్రీకాకుళం సంచికలో వచ్చిన వార్త విజయనగరం సంచికలో ఉండకపోవచ్చు. అందువల్ల పత్రిక పేరు, సంచిక పేరు, తేదీ, పుట సంఖ్య ప్రతి పేజీ నెత్తిన అచ్చువేయడమే కాక, పెద్ద వార్తల కింద కూడా చిన్న అక్షరాల్లో వేస్తే, కత్తెర ఎటు పోయినా ఆ వివరాలు ముక్కతో పాటు ఉంటాయి. ఇంటర్నెట్ సంచికలో వార్తకు ఇచ్చే చిరునామా ఏళ్లు గడిచినా మారకుండా ఉండే ఏర్పాటు చేస్తే మాలాంటివారికి ఇంకా మేలు. ఇక నా దగ్గర మిగిలిన ఆ 19 కత్తిరింపుల్లో పదకొండు మీ పత్రికవేనని అక్షరాల తీరును బట్టి అనుకుంటున్నాను. పాత జిల్లా సంచికలను మీ కార్యాలయంలో భద్రపరచి ఉంటే, వాటిని పరిశోధకులు వచ్చి చూసుకోవడానికి ఏ రోజుల్లో, ఎవరి అనుమతితో వీలవుతుందో ఈ శీర్షికలోనే తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. దసరా సెలవుల్లో రాగలను.

భవదీయురాలు,
ఒక చరిత్ర అధ్యాపకురాలు,
శ్రీకాకుళం జిల్లా.